వెనక నుంచి పిలవకూడని దారి

దక్షిణ గేటు

గైరమ్మ నా చెప్పులు చూసి పెదవి విరిచింది. టైరు ముక్కతో దగ్గరుండి కుట్టించుకున్న చెప్పులు, వీటికేం తక్కువ అనుకున్నాను. ఆవిడ వంగి అడుగుభాగం బొటనవేలితో నొక్కి చూసి, "సర్లే, ఎల్లు. గోడదారి మీద మట్టుకు ఇప్పీసి మెళ్ళో ఏసుకో" అంది. ఈ గేటుకి ఆవిడే కాపలా, ఆవిడే కోర్టు.

వలల సంఘం వాళ్ళు దారంతా రాసుకుంటూ వెళ్ళమన్నారు కనుక రాస్తున్నాను. నా పేరు దాలమ్మ. మంచువలలు నేస్తాను, చిరిగితే కుడతాను. మైదానాల్లో ఎండకు తాళలేక జనమంతా గట్టు మీదికి ఎక్కేశాక, కొండ మీద తిరిగే మబ్బుని వలకట్టి నీళ్ళు రాబట్టుకోవడం తప్ప మాకు వేరే దిక్కు లేకపోయింది. ఉత్తరగట్టు వాళ్ళ దగ్గర వలలున్నాయి గానీ బాగుచేసేవాళ్ళు లేరట, రమ్మని కబురు పెట్టారు. వెళ్ళాలంటే ఈ కొండ దాటాలి. గట్టుబాట మొత్తంలో వెళ్ళడమే గాని తిరిగి రావడం లేని మజిలీ ఇదొక్కటే.

దానికి రెండు కారణాలు. మొదట్లో గోడదారి ఉంది. నిలువు కొండకి మనిషి వెడల్పున చెక్కిన దారి అది, ఇద్దరు ఎదురుపడితే తప్పుకోవడానికి చోటుండదు. చివర్లో జారుడుబండ ఉంది. దాని మీంచి కూర్చుని జారడమే, మళ్ళీ ఎక్కడం ఎవరి తరమూ కాదు. అందుకని రోజుకొక్కరినే, పొద్దునే, దక్షిణం నుంచి ఉత్తరానికి వదులుతారు. అటు నుంచి ఇటు రావలసినవాళ్ళు లోయ అవతలి గట్టు చుట్టుకుని రావాలి. వానలు మొదలైనప్పుడు బయల్దేరితే వానలు వెళ్ళాక చేరతారు.

గైరమ్మ నా మూట కట్లు లాగి చూస్తూనే నియమాలు చెప్పింది. "దారి మీద పడుకోకు, ఎనకొచ్చీవోలికి అడ్డం. పడుకోవాలంటే పక్కకి దిగి పడుకో. రాళ్ళ కాడ దారి సంగతే సెప్పు, నీ సంగతి సెప్పకు. ఎనక్కి నడవకు. ముందు పోతున్న మనిసిని ఎనకనుంచి పిలవకు."

చివరిది మా అమ్మ కూడా చెప్పేది, గుమ్మం దాటిన మనిషిని వెనక నుంచి పిలిస్తే వెళ్ళే పని చెడుతుందని. ఇంట్లో అది ఒక పట్టింపు, ఇక్కడ అది చట్టం. గోడదారి మీద పిలుపు విని చటుక్కున తిరిగిన మనిషి ఇంక లోయలో వెతుక్కోవలసిందే అంది గైరమ్మ. అది నిజమే మరి.

"నిన్న ఎవులెల్లినారు మామ్మా?" అని అడిగాను.

"అసిరమ్మని ఒకావిడ. నీకన్నా పెద్దది. ఉత్తరగట్టులో గడ్డి మీద మంచు తెల్లగా గడ్డకడతాదట, సూడాల్ట. ఈ వయసులో అదేటి సరదా అంటే నవ్వుతాది. నోరు మంచిది. రాళ్ళ కాడ ఆవిడ గొంతే నీకు తోడు."

గేటు నా వెనక మూసుకుంది.

ఒకటో రాయి

గైరమ్మ చెప్పిన పలుకురాయి అంటే నిజంగా రాయే. దానికి ఒక డబ్బా బిగించి, నెత్తిన కరెంటుకి ఎండపలక పెట్టారు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు ఒక్కొక్కటే పాడైపోయి ఫోన్లకు దారి తెలియకుండా పోయాక, మా తాతల కాలం వాళ్ళు చేసుకున్న ఏర్పాటు ఇది. అరచెయ్యి ఆనిస్తే, మనకన్నా ముందు వెళ్ళిన మనిషి గొంతు వినిపిస్తుంది. ఇక్కడి నుంచి తర్వాతి రాయి దాకా దారి ఎలా ఉందో చెబుతుంది. ఆ మనిషి తర్వాతి రాయి చేరాక అక్కడ చెప్పిన మాట, తీగ మీద వెనక్కి వచ్చి ఇక్కడ కూర్చుంటుందన్నమాట. ఒక్కరి మాటకే చోటు. కొత్తది రాగానే పాతది పోతుంది. కొండ మీద నిన్నటి దారి ఇవాళ ఉండదు కనుక అదీ సబబే.

చెయ్యి ఆనించాను. "దారి ఎడం పక్కకి తిరుగుతాది. తిరిగినాక పైన తేనెపట్టుంది, పాటలు గీటలు పాడకు. మలుపులో పలకరాయుంది, పీటేసినట్టు. కూకుంటే సల్లగాలి కొడతాది. కూకోకండా పోతే నీ ఇష్టం. అవతల ఎలక్కాయ సెట్టుంది. కాయలు పండనేదు, కోసి పడీకు. నాను కోసి సూసినాను."

ఒక్క నియమమూ తప్పలేదు. అంతా దారి సంగతే చెప్పింది, అయినా మనిషి మొత్తం కళ్ళకు కట్టింది. నాకు నవ్వొచ్చింది. మలుపులో ఆ రాయి మీద కూర్చున్నాను కూడా. గాలి ఆవిడ చెప్పినట్టే ఉంది.

రెండో రాయి చేరాక నా వంతు వచ్చింది. తేనెపట్టు, పలకరాయి, వెలగచెట్టు అని నేనూ చెప్పాను గానీ, అది పంచాయతీ వాళ్ళు దండోరా వేయించినట్టు వచ్చింది. నా వెనక రేపు వచ్చేవాళ్ళ మీద జాలేసింది.

రెండో రాయి

"ఇక్కణ్ణుంచి గోడదారి. సెప్పులు ఇప్పీ. గొలుసు పట్టుకో. మజ్జిలో ఒక మేకుంది, తుప్పట్టి ఎర్రగుంటాది. దాని మీద బరువెయ్యకు. ఊడొచ్చీసింది అది." ఇక్కడ గొంతు కాసేపు ఆగింది. శ్వాస మాత్రం వినిపించింది. "ఆ తరవాత దారి బాగానే ఉంది."

వేళాకోళం లేకపోవడం నాకు వెలితిగా అనిపించింది. గోడదారి అంటే ఆవిడకీ భయమేనేమో అనుకున్నాను.

చెప్పులు మెళ్ళో వేసుకుని నడిచాను. కుడిచేతికి కొండ, ఎడంచేతి వైపు ఏమీ లేదు. గద్దలు నా పాదాల కింద తిరుగుతున్నాయి. అరికాలికి రాతి గరుకు తెలుస్తుంటే ధైర్యంగానే ఉంది గానీ, కిందికి చూడలేదు, మేకుల్ని చూస్తూ నడిచాను. ఎర్రమేకు గొలుసుకి వేలాడుతూ కనబడింది. దాని దగ్గర దారి అంచు కొత్తగా పెచ్చు లేచి ఉంది. ఆ పెచ్చు సందులో నీలం చీర పేలిక ఒకటి ఇరుక్కుని గాలికి కొట్టుకుంటోంది. ఆవిడ కాలు జారి ఉంటుంది, మళ్ళీ నిలదొక్కుకుంది, అదృష్టవంతురాలు అనుకుని ముందుకు నడిచాను.

మూడో రాయి

ఇక్కడ దారి వెడల్పయింది. రాయి వెనక గుహలాంటి చోటుంది, పొద్దు వాలింది కనుక అక్కడే పడుకున్నాను. పడుకునే ముందు రాయి విన్నాను.

"మెట్లుంటాయి. మెట్టుమెట్టుకీ కుడికాలు ముందు పెట్టు. మొదటి మలుపులో కూకునే సోటుంది. అది దాటినాక మొద్దొకటి ఉంది, దాని మీద కూకోవచ్చు. తరవాత ఎత్తురాయి, దానికి జేరబడొచ్చు. తరవాత మళ్ళీ ఒక మొద్దు." మాట అయ్యేదాకా ఇదే వరస.

ఈవిడ కొండ ఎక్కడానికి వచ్చిందా కూర్చోవడానికి వచ్చిందా అని నవ్వుకుంటూ నిద్రపోయాను.

పొద్దున అంబలి తాగి మెట్లు ఎక్కడం మొదలుపెట్టాక ఆ నవ్వు పోయింది. మెట్లన్నీ సమంగా ఉన్నాయి. కుడికాలు ముందు పెట్టవలసిన అవసరం ఒక్కచోట కూడా లేదు. ఎడంకాలితో ఎక్కలేని మనిషే ఆ మాట చెబుతుంది. కూర్చునే చోట్లు కూడా అందరికీ కావలసినంత దూరంలో లేవు, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. గోడదారి మీద ఆవిడ జారి ఊరుకోలేదు, కాలు విరగ్గొట్టుకుంది.

నాలుగో రాయి

పరిగెత్తినంత పని చేసి వచ్చాను. చెయ్యి ఆనించాను. గొంతు బాగా సన్నబడింది. మాటకీ మాటకీ మధ్య శ్వాసే ఎక్కువ వినిపిస్తోంది.

"దారంట అంచు రాళ్ళుంటాయి. రెండో రాతి కింద సీమలబారుంది, సెయ్యెట్టకు. అది దాటితే నేల తడిగుంటాది. సల్లగా, బాగుంటాది. పక్కన రాతి కింద సిన్న ఊట, మొకం ఆనించి తాగొచ్చు. అవతల ముళ్ళకంప, మోచేతులు జాగర్త."

నడుస్తూ చీమల కోసం చూశాను. కనబడలేదు. ఒంగి చూశాను, అయినా కనబడలేదు. చివరికి మోకాళ్ళ మీద కూర్చుని, చెంప దాదాపు నేలకి ఆనిస్తే అప్పుడు కనబడ్డాయి, రాతి కింద సందులో ఎర్రటి బారు. మోచేతులకు తగులుతుందన్న ముల్లు నిలబడ్డ నాకు పిక్కల దగ్గరుంది. తడినేల మీద ఒక గాడి, బరువైనదేదో ఈడ్చినట్టు.

ఆవిడ ఈ దారంతా పాకుతూ వెళ్ళింది.

పాకుతూ వెళ్ళి, ఐదో రాయికి చెయ్యి అందేలా ఎలా లేచిందో గానీ లేచి, చీమలున్నాయి జాగ్రత్త అని నాకు చెప్పింది. కాలు విరిగింది, ఎవరైనా రండి అని చెప్పలేదు. రాళ్ళ దగ్గర సొంత సంగతి చెప్పకూడదు మరి. ఇంతకు ముందెప్పుడూ చూడని మనిషి కోసం అంత భయపడగలనని నాకు తెలియదు.

ఐదో రాయి

ఇక్కడ వినిపించింది అసిరమ్మ గొంతు కాదు. ఎవరో మగమనిషి, తీరుబడిగా మాట్లాడుతున్నాడు. "ఇక్కణ్ణుంచి కొండసీపురు గడ్డి. మనిసెత్తుంటాది. దారి కనబడదు, తెల్లరాళ్ళు గురుతు పెట్టుకుని నడు."

ఆవిడకన్నా ముందురోజు వెళ్ళిన మనిషి అతను. అతని మాట ఇంకా ఇక్కడ ఉందంటే అసిరమ్మ ఆరో రాయి చేరలేదు. ఐదు దాటింది, ఆరు చేరలేదు. ఈ గడ్డిలోనే ఎక్కడో ఉంది.

నా వంతు మాట చెప్పాలి. నాలుగు నుంచి ఐదు దాకా దారి ఎలా ఉందో, రేపు వచ్చే మనిషికి. చివరికి నేను కూడా చీమల సంగతే చెప్పాను. నియమం అలా నాలుక మీద కూర్చుంది.

గడ్డిలోకి దిగాను. మబ్బు దిగుతోంది. చీపురుగడ్డి కంకులు ముఖానికి కొట్టుకుంటున్నాయి. తెల్లరాయి నుంచి తెల్లరాయికి నడుస్తూ రెండు పక్కలా చూశాను, గడ్డి పాయలు తీసి చూశాను. పిలవలేదు. ఆవిడ నా ముందుంది, నేను వెనక ఉన్నాను. నోట్లోకి వచ్చిన పేరుని రెండుసార్లు మింగేశాను.

ఆరో రాయి

ఎవరూ ఎదురుకాకుండా ఇక్కడికి వచ్చేశాను. అంటే ఆవిడని దాటి వచ్చేశాను.

మూట దించి రాయి పక్కన కూలబడ్డాను. పడుకోవాలంటే దారి మీద కాదు, పక్కకి దిగి పడుకోమని గైరమ్మ నాకు చెప్పినట్టే ఆవిడకీ చెప్పి ఉంటుంది. ఆవిడ వినే రకం. కాలు విరిగినా, పాకుతూ అయినా, వెనకొచ్చేవాళ్ళకి అడ్డం లేకుండా పక్కకి దిగి పడుకుని ఉంటుంది. ఇప్పుడు వెనక్కి వెళ్ళాలి. ఈ బాట మీద వెనక్కి వెళ్ళిన మనిషి గురించి నేను వినలేదు. నా వెనక బయల్దేరిన మనిషి మాత్రం రేపటికి గాని ఇక్కడికి చేరడు.

రాయి మీద చెయ్యి నొక్కిపట్టి చెప్పాను. "ఇది దారి సంగతి కాదు. ఐదుకీ ఆరుకీ మజ్జిన గడ్డిలో ఒక మనిసుంది. పేరు అసిరమ్మ. కాలిరిగింది, నడవనేదు. పేరెట్టి గట్టిగా పిలు. పలికీదాకా పిలుస్తూనే ఉండు."

చెప్పాక ప్రాణం తేలికపడింది. కొండేమీ విరుచుకుపడలేదు.

చీపురుగడ్డిలో

వెనక్కి నడుస్తుంటే ఒక సంగతి తట్టింది. ఇప్పుడు నేను ఉత్తరం నుంచి వస్తున్నాను. అసిరమ్మకి ఎదురుగా వస్తున్నట్టు లెక్క. వెనక నుంచి పిలిచినట్టు కాదు. ఇలాంటి లాయరు తెలివి నాకూ ఉందని అప్పుడే తెలిసింది. గొంతు చించుకుని పిలిచాను.

ఏ జవాబూ లేదు. పది అడుగులకోసారి ఆగి పిలిచాను. మబ్బులో నా గొంతు నాకే వింతగా ఉంది. ఇంత పెద్దగా ఎవరినైనా పిలిచి ఎన్నాళ్ళయిందో. ఒక తెల్లరాయి దగ్గర, కిందవైపు గడ్డిలోంచి, చాలా మర్యాదగా ఒక మాట వినిపించింది.

"ఇక్కడున్నానమ్మా."

వాలులో ఒక చిన్న గుంటలో, గడ్డి వంచి పరుపులా చేసుకుని పడుకుంది. నీలం చీర. నెరిసిన జుట్టు. ఎడంకాలు పిక్క దాకా వాచి నల్లబడింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. నేను నీళ్ళు పట్టిస్తుంటే కళ్ళు తెరిచి నా మూట గుర్తుపట్టింది.

"నివ్వేనా? ఇందాక ఎల్లినావు కదా. గడ్డి సందులోంచి నీ మూట అగుపడ్డాది."

"సూసినావా? మరి పిలవనేదేటి అప్పా?"

"పని మీద ఎల్తున్న మనిసివి. ఎనకనుంచి ఎలాగ పిలుస్తాను?"

నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నా పనేటి సెడిపోతాది? సిరిగిన వలలు రెండ్రోజులు ఆగనేవా? నివ్విక్కడ సచ్చిపోతే నా పని బాగుంటాదా?" అని అరిచాను. రోగిష్టి మనిషి మీద అరవకూడదని తెలుసు, అయినా అరిచాను. ఆవిడ అంతా విని, "నివ్వూ పిలవనేదు కదమ్మా" అంది.

ఇద్దరం పక్కపక్క నుంచి, ఒకరి కోసం ఒకరం నోరు మూసుకుని వెళ్ళిపోయాం. ఆవిడ నవ్వబోయి నొప్పికి ఆగిపోయింది. నేను ముక్కు చీదుకుని పని మొదలుపెట్టాను.

గుంట అవతల పొదలోంచి వెదురు కోసి, చీల్చి కాలికి అటూ ఇటూ పెట్టి, చీర అంచుతో కట్టాను. నేను ఒక్కదాన్ని ఆవిడని మోయలేను. రేపు వచ్చే మనిషి కోసం ఆగాలి. నా మూటలో ఉన్న కొత్త వల తీసి గుంట పైన కట్టాను. తెల్లారేసరికి వల కింద గిన్నె నిండింది. అసిరమ్మ ఆ నీళ్ళు తాగి, "మబ్బు రుసి" అంది. జ్వరం తగ్గలేదు. కాలి నలుపు మోకాలి దగ్గరికి వచ్చింది. వచ్చేవాడు ఆలస్యం చేస్తే కాలు ఒక్కటే కాదు, మనిషే దక్కదు. ఆ మాట ఆవిడతో అనలేదు, ఆవిడా అడగలేదు. గడ్డకట్టిన మంచు నోట్లో వేసుకుంటే ఎలా ఉంటుందో మాత్రం అడిగింది. నాకూ తెలియదన్నాను.

"ఎవులైనా పిలిస్తే మట్టుకు పలకాలి అప్పా. మాటియ్యి" అన్నాను.

"పలుకుతాను లే" అంది.

మధ్యాహ్నానికి పైనుంచి ఒక గొంతు వినబడింది. సిగ్గుపడుతూ, మొదట నెమ్మదిగా, తర్వాత గట్టిగా: "అసిరమ్మా. అసిరమ్మా." ఆవిడ నాకన్నా ముందు పలికింది.

అతని పేరు సూరిదేముడు. మగ్గాలకి చెక్కపని చేస్తాడట, భుజాలు గట్టివి. రెండు వెదుళ్ళకి నా వల కట్టి డోలీ చేశాం. దక్షిణాన మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. వాన పడి జారుడుబండ తడిసిందంటే అది ఆరేదాకా ఎవరూ దాని మీద కూర్చోలేరు. ఆరో రాయి దగ్గర సూరిదేముడు అడుగు నెమ్మది చేశాడు. "రాయి కాడ మాట సెప్పాల కదా?"

"ఇప్పుడు రాళ్ళేటి బాబూ, నడు" అన్నాను నేను. ఏడో రాయి దగ్గర కూడా ఆగలేదు. జారుడుబండ మీద అసిరమ్మని నా ఒళ్ళో కూర్చోబెట్టుకుని జారాను. దారి పొడుగునా నోరెత్తని మనిషి అక్కడ మాత్రం పళ్ళ బిగువున మూలిగింది. మేం కింద చేరిన కాసేపటికి మొదటి చినుకు పడింది.

ఉత్తర గేటు

ఇక్కడ గేటు కాపలా పోలయ్య. కట్లు కట్టే మనిషి గేటు పక్కనే ఉంటాడు. కాలు తీసెయ్యాలేమోనని రెండ్రోజులు చూశాడు, మూడోనాడు అక్కర్లేదన్నాడు. నేను పెరట్లోకి వెళ్ళి గట్టిగా ఏడ్చి వచ్చాను.

పోలయ్య ప్రతి మనిషినీ అడిగే ప్రశ్న నన్నూ అడిగాడు. "ఎనక్కి తిరిగినావా?"

"తిరిగినాను."

ఆయనకి ఆ జవాబు కొత్త. చాలాసేపు గడ్డం గోక్కుని, "తిరిగినోలిని ఈ ఏడు తరవాతి మజిలీకి పంపకూడదు" అన్నాడు. తర్వాత నాకు అంబలి పోశాడు. ఉత్తరగట్టు మొదటి ఊరు ఇదే, చిరిగిన వలలు ఇక్కడా కావలసినన్ని ఉన్నాయి. నేనేమీ బాధపడలేదు.

అసలు చిక్కు మేం చేరిన మర్నాడు సాయంత్రమే మొదలైంది. వాన ఒక రాత్రి కురిసి వెలిసింది, బండ ఆరింది. జారి వచ్చిన మనిషిని చూసి పోలయ్య లేచి నిలబడ్డాడు. ఒళ్ళంతా గడ్డి కోసిన గాట్లు, మోకాళ్ళ నిండా బురద, గొంతు బొంగురు. వస్తూనే, "అసిరమ్మని ఎవులైనా సూసినారా? గడ్డంతా ఎతికినాను, అగుపడనేదు" అన్నాడు.

నేను ఆరో రాయి దగ్గర చెప్పిన మాట చెప్పినట్టే ఉంది. దాని మీద ఇంకో మాట చెప్పబోయిన సూరిదేముడిని నడవమన్నది నేనే. ఈ మనిషి ఐదో రాయి దగ్గర అది విని, పలికేదాకా పిలవమన్నానని, పొద్దల్లా పిలిచాడు.

"మరి ఆరో రాయి కాడ నివ్వేటి సెప్పినావు?" అని అడిగాను.

"దారి పక్కంతా ఎతికినాను, నేదు, నివ్వు కిందకి దిగి ఎతుకు అని సెప్పినాను."

వరండాలో మంచం మీద ఉన్న అసిరమ్మ చెయ్యెత్తింది. "నానే బాబూ అది." అతను ఆవిడని చూసి, కట్టుకట్టిన కాలు చూసి, మెట్టు మీద కూర్చుండిపోయాడు.

ఆ మాటని ఆపే దారి లేదు. బండ ఎక్కలేం. దక్షిణ గేటుకి కబురు లోయ అవతలి గట్టు చుట్టుకుని వెళ్ళాలి, వానలు వెళ్ళేదాకా అందదు. వెళ్ళేవాళ్ళ చేత కబురైతే పంపాం. ఈలోగా రోజుకొకరు వస్తూనే ఉన్నారు. ప్రతి ఒక్కరూ ముందువాళ్ళు వెతికిన చోటు దాటి వెతుకుతున్నారు, వెతికిన చోటు రాయికి చెబుతున్నారు. ఒకామె గుంటలో వంచిన గడ్డి చూసి, అక్కడ తన అంబలి సీసా వదిలి వచ్చింది. ఆమె తర్వాత వచ్చినతను ఆ సీసా పక్కన తన దుప్పటి పెట్టి వచ్చాడు. చలేస్తుందేమో అనుకున్నాడట. ఒకతను ఆరో రాయి దాకా వెళ్ళి మనసొప్పక వెనక్కి నడిచి మళ్ళీ పిలిచాడు. పోలయ్య తన ప్రశ్న అడగడం మానేశాడు.

అసిరమ్మ మొదట్లో నవ్వేది. "సచ్చిపోయినట్టు నాకే కబురొస్తంది" అనేది. ఇవాళ వచ్చినామె చాలా నెమ్మదస్తురాలు, ఊరి బడిలో వంట చేస్తుందట. రాయి ఇప్పుడు ఏమంటోందని అసిరమ్మ అడిగితే, కళ్ళు మూసుకుని అప్పజెప్పినట్టు చెప్పింది. "పేరు అసిరమ్మ. పెద్ద మనిసి. తెల్లరాయి దిగువన దుప్పటుంది, అక్కడికి వొచ్చిందేమో సూడు. పలకకపోయినా పిలు. ఇనబడుతుంటాదేమో."

అసిరమ్మ మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది. తర్వాత నన్ను చూసి, "అక్కడుంటే పలికీదాన్ని దాలమ్మా" అంది. కళ్ళు తుడుచుకోలేదు. "పలకనని అనుకుంటన్నారు వొచ్చినోలంతా."

ఉత్తర గేటు, మర్నాడు

పొద్దున వల కుడుతూ చూశాను. అసిరమ్మ కర్ర ఊతంతో నిలబడింది. కట్లు కట్టే మనిషి తిట్టాడు, విననట్టు ఊరుకుంది. మంచం జారుడుబండ ముందుకి వేయించమని పోలయ్యని అడిగింది. అక్కడ ఎండ అన్నాడు ఆయన. వెయ్యమంది. నేనూ ఆయనా మోసుకెళ్ళి వేశాం. జారివచ్చే చోటుకి ఎదురుగా, పైనుంచి చూస్తే మొదట కనబడేలా.

పొద్దు వాలేదాకా అక్కడే కూర్చుంది. నేను వల తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. గాలికి పై అంచు మీంచి కాస్త ఇసుక రాలింది. మనిషి ఇంకా కనబడలేదు. పైన ఎవరో చెప్పులు విప్పుకుంటున్న చప్పుడు మాత్రమే.

అసిరమ్మ కర్ర ఆనించుకుని లేచింది. మెడ పైకెత్తి, కొండంతా వినబడేలా పిలిచింది.

"అసిరమ్మని నానే. ఇక్కడున్నాను. ఇంక ఎతక్కు, జారి వొచ్చీ."